సీసా అడుగున మడ్డి

టూ రివర్స్, విస్కాన్సిన్
1997 అక్టోబరు 12

కొరిన్ అమ్మాయికి,

క్రిస్మస్ కార్డు తప్ప ఇంకేమీ రాయని మామ అక్టోబరులో ఉత్తరం రాశాడంటే ఎవరో పోయారనుకుంటావు. ఎవరూ పోలేదు. ఫోను చేద్దామంటే నా చెవులు పూర్తిగా పోయాయి. అవతలివాళ్ళు ఏమన్నా "సరే సరే" అని పెట్టేస్తున్నాను. మొన్న అలాగే "సరే" అనేసి ఇంటికి కొత్త కిటికీలు పెట్టించుకోవడానికి ఒప్పుకున్నాను.

మళ్ళీ బీరు కాస్తున్నాను. ఆ మాట చెప్పడానికే ఇది.

నా కొడుకుని, మన డెన్నిస్‌ని, పూడ్చిపెట్టి వచ్చిన వారం నేనేం చేశానో నీకు తెలుసు. పెద్ద పాత్ర, గాజు జాడీలు అన్నీ గ్యారేజీలో పడేశాను. ఫ్రిజ్‌లో ఉన్న రెండు సీసాల ఈస్ట్‌ని సింకులో పోసి పైన వేణ్ణీళ్ళు పోశాను. మళ్ళీ దాని జోలికి పోలేదు. బీరులో చేదుకోసం వాడు గ్యారేజీ గోడకి నాటిన హాప్ తీగని కూడా ఏటా వసంతంలో మొదలంటా కోసేసేవాణ్ణి. ఈ ఏడు మోకాలు వంగలేదు. తీగ చూరు దాకా పాకి పూసింది. సెప్టెంబరులో ఒక పువ్వు తెంపి అరచేతుల్లో నలిపాను. ఆ వాసన చేతుల మీద ఉండగానే గ్యారేజీలోంచి పెద్ద పాత్ర బయటికి లాగాను.

రెండు కాపులు కాచాను, దుకాణంలో కొన్న ఈస్ట్‌తో. బీరు బాగానే ఉంది. పక్కింటి మార్విన్ తాగి, "ఏంటి ఆల్విన్, చర్చిలో కాచావా? తాగుతుంటే పాపం చేస్తున్నట్టే లేదు!" అన్నాడు. వాడన్నది నిజం. అది మా బీరు కాదు. మా ఊరి బ్రూవరీ మూతపడ్డ రోజు, డెన్నిస్‌కి అప్పుడు పదహారేళ్ళు, లోపల పనిచేసే అతను ఒక బకెట్టు ఈస్ట్ చాటుగా మా చేతిలో పెట్టాడు. పెరుగుకి తోడు దాచినట్టు, ఒక కాపు అడుగున మిగిలింది తీసి దాచి తర్వాతి కాపుకి వేస్తూ, పన్నెండేళ్ళు దాన్ని బతికించాం నేనూ వాడూ. అది ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నేనే పారబోశాను.

వాడు పోయే ముందు మీ ఇంట్లో మన ఈస్ట్‌తో కాచిన నల్లబీరు ఉందే, అందులో కొన్ని సీసాలు నువ్వు దాచుకున్నావు. ఉంటే ఒకటి నాకివ్వు.

నీ మామ
ఆల్విన్


డులూత్, మిన్నెసోటా
1997 అక్టోబరు 27

మామయ్యగారికి,

మీరు మళ్ళీ పాత్ర పొయ్యిమీద పెట్టినందుకు సంతోషం. మోకాలు జాగ్రత్త. ఇక్కడ గ్రంథాలయం బేస్‌మెంట్లో గొట్టం పగిలి నాలుగు వందల పుస్తకాలు తడిశాయి. వారం నుంచి ఒక్కొక్క పేజీ మధ్యా కాగితం పెట్టి ఆరబెడుతున్నాను. నాకు నచ్చిన పనే. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు.

సీసాలు ఉన్నాయి. ఎనిమిది దాచుకున్నాను. ఏటా మార్చి రెండున, గడ్డకట్టిన సరస్సు మీద మంచు విరిగి ఆయన మునిగిపోయిన రోజున, ఒకటి తెరుస్తాను. మడ్డి కదలకుండా మెల్లగా గ్లాసులో వంచి, ఆయన నేర్పినట్టే అడుగున వేలెడు వదిలేసి, సీసా కడిగి కిటికీలో పెడతాను. ఆరు అయిపోయాయి. రెండు మిగిలాయి, అంటే రెండేళ్ళు. ఆ తర్వాత ఏం చేయాలో నేనింకా ఆలోచించలేదు.

మీరడిగింది చిన్నదే. అయినా ఇవ్వలేను. నా మీద కోపం తెచ్చుకోకండి.

గౌరవంతో
కొరిన్


టూ రివర్స్
1997 నవంబరు 3

అమ్మాయ్,

"అడుగున వేలెడు వదిలేసి, సీసా కడిగి." ఈ మాట పదిసార్లు చదివాను.

నాకు బీరు అక్కర్లేదు తల్లీ. నాకు కావలసింది ఆ వేలెడే. ఆ మడ్డిలోనే ఈస్ట్ నిద్రపోతూ ఉంటుంది. దాన్ని లేపి, కాస్త కాస్త తిండి పెట్టి, మళ్ళీ జాడీ నిండా చేసుకోవచ్చు. ఆరుసార్లు నీ చేతిలో ఉంది, ఆరుసార్లు సింకులో పోశావు. నువ్వేదో వాణ్ణి తలుచుకుంటున్నానని అనుకున్నావు. వాణ్ణి ఏడాదికొక సీసా చొప్పున తాగేస్తున్నావు.

ఈ మాట కొట్టేద్దామనుకున్నాను. కానీ ఇంకో కాగితం తీస్తే ఉత్తరమే రాయలేనని భయం.

ఏడాది గడిచేకొద్దీ ఆ మడ్డిలో బతికున్నది సగానికి సగం చస్తుంది. ఆరేడేళ్ళంటే ఇంక చివరంచు. వచ్చే మార్చి, ఆ పై మార్చి అని నువ్వు కూర్చుంటే చచ్చినదాన్ని దాచుకున్నట్టే. వాడి గొంతు నాకు గుర్తు రావడం లేదు. నిజం చెబుతున్నాను. చెవులు పోయాక లోపలి గొంతులు కూడా పోతాయని ఎవరూ చెప్పలేదు. ఆ బీరు రుచి మాత్రం నాలుకమీద ఉంది: పియర్ పండు తొక్క, చివర్లో చిన్న లవంగం ఘాటు. వాడి చేతిమీద బతికినదేదో ఒక్కటైనా ఇంకా బతికుంటే చాలు.

వెంటనే పంపు. ఒక్కటే. వెంటనే.

ఆల్విన్


డులూత్
1997 డిసెంబరు 9

మామయ్యగారికి,

ఒక సీసా పంపుతున్నాను. మూడు జతల ఉన్ని మేజోళ్ళలో చుట్టాను. అవి డెన్నిస్‌వే, మీరే ఉంచుకోండి. మీ ఉత్తరంలోని మిగిలిన మాటలకి నేను జవాబు రాయను.

కొరిన్


టూ రివర్స్
1997 డిసెంబరు 20

కొరిన్,

పెట్టె వచ్చింది. దారిలో ఎక్కడో గడ్డకట్టి సీసా బద్దలైంది. మేజోళ్ళ నిండా గోధుమరంగు మంచు, గాజుపెంకులు. ఆ మంచునే గిన్నెలో వేసి వంటింట్లో కరగబెట్టాను. పెంకులు ఏరి, గుడ్డలో వడకట్టి, తీపి నీళ్ళు పోసి ఎనిమిది రోజులు చూశాను. పైన బూజు కట్టింది. అంతే. చివరికి కాసేపు వాసన చూస్తూ కూర్చున్నాను, తర్వాత వాసన కూడా పోయింది.

చలి తగ్గేదాకా ఆగమని నేను రాయాల్సింది. నువ్వైనా ఆగాల్సింది.

పండక్కి హ్యామ్ కొన్నాను. ఒక్కడికి ఎంత కొన్నా ఎక్కువే.

ఆల్విన్


డులూత్
1998 జనవరి 15

మామయ్యగారికి,

"వెంటనే" అని మీరు రెండుసార్లు రాశారు. రెండోదాని కింద గీత కూడా గీశారు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నేను నెల రోజులు ఆలోచించి, మీ మాటకి కట్టుబడి పంపాను. పోస్టాఫీసులో ఆవిడ "లోపల ద్రవమేమైనా ఉందా అమ్మా?" అని అడిగితే "మేజోళ్ళు" అని అబద్ధం చెప్పాను. నేనే కావాలని పాడుచేశానని మీకు అనిపించి ఉంటే, ఆ మాట సూటిగా రాయండి.

ఇంతవరకు రాసి మూడు రోజులు పక్కన పెట్టాను.

మీరు గిన్నెలో మంచు కరగబెట్టి వాసన చూస్తూ కూర్చున్నానని రాశారు. నేను కూడా కిటికీలో కడిగి పెట్టిన సీసాల మూతులు వాసన చూస్తూ ఉంటాను. ఎవరికీ చెప్పలేదు.

ఒకటి మిగిలింది. దాన్ని తపాలాలో పంపను. ఏం చేయాలో రాయండి, నేనే ఇక్కడ చేస్తాను. కాన్వెంట్లో సిస్టర్లు మాకు వంట నేర్పలేదు. చెప్పింది చెప్పినట్టు చేయడం మాత్రం నేర్పారు. అన్నీ రాయండి. నాకు తెలుసులే అని ఏదీ వదిలేయకండి. ఇది చెడిపోతే ఇంక ఏమీ లేదు.

కొరిన్


టూ రివర్స్
1998 జనవరి 20

తల్లీ,

నువ్వు కావాలని చేశావని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. నాకు ఎవరినో ఒకరిని అనాలి, ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. నన్ను నేను అనుకుని అనుకుని అలిసిపోయాను.

ఈ పొట్లంలో మాల్ట్ పొడి ఉంది, ఈస్ట్‌కి తిండి అదే. రెండు చెంచాలు గ్లాసుడు నీళ్ళలో వేసి పావుగంట మరగనివ్వు. మూత పెట్టి చల్లారనివ్వు. ఆ గిన్నెని చెంపకి ఆనిస్తే వేడీ చలీ ఏదీ తెలియకూడదు. కాస్త వెచ్చగా ఉన్నా ఆగు. తొందరపడి వేడిగా పోసి ఈస్ట్‌ని చంపినవాళ్ళు మా బీరు కాచేవాళ్ళ క్లబ్బులో సగం మంది. నేనూ ఒకణ్ణి. చేతులు మోచేతిదాకా సబ్బుతో కడుగు. సీసాని ముందురోజు నుంచీ కదపకు. మూత తీసి, మూతిని లైటర్ మంటలో తిప్పు. బీరుని ఒక్క ధారగా గ్లాసులోకి వంచు, మధ్యలో ఆపకు. ఆపితే మడ్డి లేస్తుంది. ఆ బీరు నువ్వే తాగు. అడుగున వేలెడు ఉంచి, అందులో ఈ నీళ్ళు పోసి, మూతికి వెండి కాగితం చుట్టి, హీటర్ పక్కన పెట్టు. పైన కాదు, పక్కన.

ఆ తర్వాత దాని జోలికి పోకు. డెన్నిస్ మొదట్లో రోజుకి ఇరవైసార్లు కాగితం ఎత్తి చూసేవాడు. "ఒరేయ్, అది కోడిగుడ్డు కాదురా, పగలగొట్టుకుని రావడానికి" అనేవాణ్ణి. "నేను చూడనప్పుడు వచ్చేస్తే ఎలా నాన్నా?" అనేవాడు.

మూడు రోజులు కావచ్చు, పది కావచ్చు. పన్నెండు దాటితే ఇంక లేదు.

మామ


డులూత్
1998 ఫిబ్రవరి 11

మామయ్యా,

జనవరి 31, శనివారం సాయంత్రం చేశాను. మీ ఉత్తరం ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్క వాక్యానికీ టిక్కు పెట్టుకుంటూ చేశాను. బీరు తాగాను. చివరిదని తెలిసి తాగితే రుచే తెలియలేదు.

నాలుగో రోజు వరకు ఏమీ లేదు. ఐదో రోజు సెలవు పెట్టాను. ఆరో రోజు పని మధ్యలో ఇంటికి పరుగెత్తుకొచ్చి, కాగితం ఎత్తకుండా టార్చి వేసి చూశాను. ఏమీ లేదు. ఏడో రోజు మీకు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. ఎనిమిదో రోజు దాన్ని అక్కడినుంచి తీయాలని కూడా అనిపించలేదు. నేను కూడా మంచం మీద నుంచి లేవలేదు.

తొమ్మిదో రోజు పొద్దున్న సీసా మెడ చుట్టూ తెల్లటి నురుగు. చెవి ఆనించి విన్నాను. సన్నగా చిటపటమంటోంది. మామయ్యా, అది బతికే ఉంది.

వంటింట్లో నేలమీద కూర్చుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు.

మీరన్నట్టు మళ్ళీ తిండి పెట్టి జాడీలోకి మార్చాను. దీన్ని తపాలాలో పంపను. కోటు లోపల పెట్టుకుని వస్తాను. 21వ తేదీ శనివారం మధ్యాహ్నం, మనిద్దరి ఊళ్ళకీ మధ్యనున్న వాసావ్ బస్ స్టేషన్లో దిగుతాను, ఇరవై నిమిషాలకే నా తిరుగు బస్సు. మీరు అక్కడికి రాగలరా? జాడీ మీద డెన్నిస్ పేరు రాయండి.

కొరిన్


టూ రివర్స్
1998 మార్చి 1

తల్లీ,

ఇరవై నిమిషాల్లో పదిహేను నిమిషాలు "ఏమన్నావ్?" అనడంతోనే గడిచిపోయాయి. నువ్వు చాలా చిక్కిపోయావు. ఆ మాట అక్కడే అందామనుకున్నాను, బస్సు కదిలిపోయింది. జాడీ ఇంకా నీ ఒంటి వెచ్చదనంతోనే ఉంది. ఇంటిదాకా రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని కారు నడిపాను.

మర్నాడే కాచాను. మన తీగ హాప్ పూలతోనే, డెన్నిస్ నల్లబీరే. పన్నెండు గంటలు తిరక్కుండా మూత గొట్టంలో బుడగలు మొదలయ్యాయి. నాకు వినపడవు కదా, జాడీ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. లోపల ఏదో పరుగెడుతున్నట్టు వేళ్ళకి తెలుస్తోంది. మార్విన్ వచ్చి, "ఏంటయ్యా, దానికి జ్వరం చూస్తున్నావా?" అన్నాడు.

పేరు రాశాను. రుచి ఏప్రిల్లో తెలుస్తుంది.

మామ


డులూత్
1998 మార్చి 4

మామయ్యా,

మార్చి రెండు వెళ్ళిపోయింది. తెరవడానికి సీసా లేదు. ఆ రోజుని ఎలా దాటాలా అని జనవరి నుంచీ బెంగగా ఉండేది. మీ ఉత్తరం ఆ ముందురోజుది కదా, నిన్న పొద్దున్నే వచ్చింది. అక్కడ బుడగలు వస్తున్నాయని చదివాక అన్నం సయించింది. నిన్న రాత్రి పదింటికి పడుకుంటే తెల్లారి ఏడింటికి మెలకువ వచ్చింది. ఏడేళ్ళలో అలా ఎప్పుడూ లేదు. ఆ రోజు వాసావ్‌కి బస్సులో వస్తున్నప్పుడు ఒక ముసలావిడ జాడీతో ఉబ్బిన నా కోటు వైపు చూసి, "ఎన్నో నెల?" అని అడిగింది. నాకు సిగ్గేసింది. కాదని మాత్రం చెప్పలేదు.

తాగిన రోజు ఒక్క ముక్క రాయండి. "అదే" అని రాయండి. నాకు అది చాలు.

కొరిన్


టూ రివర్స్
1998 ఏప్రిల్ 6

తల్లీ,

అదే. అచ్చం అదే. పియర్ తొక్క, లవంగం, అన్నీ. మొదటి గుక్కకే కళ్ళనీళ్ళు వచ్చాయి.

క్లబ్బులో నలుగురికి తలా ఒక జాడీ ఇచ్చాను. నా ఇల్లు కాలిపోయినా ఇంకొకరి దగ్గర బతికుంటుంది. అందరి జాడీల మీదా డెన్నిస్ పేరే. నువ్వు నిశ్చింతగా ఉండు. బాగా తిను.

మామ


డులూత్
1998 ఏప్రిల్ 29

మామయ్యగారికి,

ఈ ఉత్తరం రెండు వారాలుగా రాస్తున్నాను. పంపకూడదని పదిసార్లు అనుకున్నాను. మీరు "అదే" అని రాశాక నేను నోరు మూసుకోవాల్సింది. కానీ నలుగురి జాడీల మీద ఆయన పేరు ఉందన్నారు. ఆ పేరు అక్కడ ఉండనివ్వడం నావల్ల కావడం లేదు.

మీ ఉత్తరం వచ్చిన సంతోషంలో, నేను కూడా కాయడం నేర్చుకుందామని, గ్రంథాలయంలో ఇంట్లో బీరు కాచుకోవడం గురించిన పుస్తకం తీశాను. అందులో ఒక పేజీలో ఇలా ఉంది: ఘాటు బీరుని నెలల తరబడి జాడీలో నిలవ ఉంచితే ఈస్ట్ అలిసిపోతుంది, సీసాల్లో పోసే రోజున కొత్త ఈస్ట్ పొట్లం ఒకటి కలపాలి, లేకపోతే బీరులో బుడగ రాదు. అలాంటి సీసా మడ్డిని లేపితే లేచేది ఆ కొత్తదే. పాతది కాదు.

నాకు ఆ పొట్లం గుర్తొచ్చింది.

1991 జనవరి. మా వంటింట్లో సీసాల్లో పోస్తున్నాం. ఆయన కత్తెరతో చిన్న పొట్లం చింపి జాడీలో చల్లారు. నేను మూతలు అందిస్తున్నాను. పంచదార లాంటిదేదో అనుకున్నాను. ఏమిటని అడిగితే నవ్వి, "నాలుగు నెలల నుంచి ముసలిది నిద్రపోతోంది, లేపడానికి ఒక కుర్రదాన్ని పంపిస్తున్నా. నాన్నకి మాత్రం చెప్పకు. మన ఈస్ట్ ముసలిదైపోయిందన్నానని తెలిస్తే నన్ను ఇంట్లోంచి వెళ్ళగొడతాడు" అన్నారు.

నేను చెప్పలేదు. మాటిచ్చానని కాదు, మర్చిపోయాను. అక్టోబరులో మీరు మొదటి ఉత్తరం రాసినప్పుడు గుర్తొచ్చి ఉంటే ఇదంతా జరిగేది కాదు. మీరు ఏడుపు మింగుకుని వాసావ్‌దాకా వచ్చి కాళ్ళ మధ్య పెట్టుకుని తీసుకెళ్ళింది ఏ దుకాణంలోనైనా దొరికేదే. మన ఈస్ట్ మీ సింకులోనూ నా సింకులోనూ ఎప్పుడో పోయింది. ఇంక ఎక్కడా లేదు.

మీకు ఆ రుచి తెలిసిందన్నారు. నేను దాన్ని కూడా లాగేసుకుంటున్నాను. నాకు మళ్ళీ నిద్ర కరువైంది. మీరు నాకు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

కొరిన్


టూ రివర్స్
1998 మే 4

తల్లీ,

నాకు తెలుసు.

ఏప్రిల్ ఐదున మొదటి గుక్కలోనే తెలిసింది. పియర్ లేదు, లవంగం లేదు. శుభ్రంగా ఉంది, ఎవరిదో పరాయి ఇంటి బీరులా. ఎందుకో మాత్రం తెలియలేదు. ఏళ్ళతరబడి ఉండి మారిపోయిందేమో అనుకున్నాను, నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను, నాలుక కూడా చెవుల దారి పట్టిందేమోననుకున్నాను. మార్విన్‌ని పిలిచి తాగించాను. "బాగుందే, మళ్ళీ చర్చి బీరే కదా?" అన్నాడు. వాణ్ణి పంపించేసి బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చున్నాను.

నువ్వు నిద్రపోతున్నానని రాశావు. అన్నం తింటున్నానని రాశావు. నీ చివరి సీసా అడిగి తీసుకున్నవాణ్ణి, నీ నిద్ర కూడా ఎలా లాక్కోను? అందుకని "అదే" అని రాశాను. ఆ ఒక్క ముక్క రాసి ఊరుకుంటే నమ్మవేమోనని క్లబ్బు కథ అల్లాను. ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఏ జాడీ మీదా పేరు లేదు. ఇంట్లో ఉన్నదాని మీద రాసింది ఆ రోజే చెరిపేశాను. బేస్‌మెంట్లో నలభై ఆరు సీసాలు ఉన్నాయి. పారబోయలేను, తాగలేను.

నీ ఉత్తరం ఇవాళ పొద్దున్న వచ్చింది. పొట్లం సంగతి చదివినప్పుడు, ఇంక ఏమీ మిగల్లేదని నువ్వు రాసినచోట, నాకూ అలాగే అనిపించింది. కాగితం మడిచి బల్లమీద పెట్టేశాను. కాఫీ కలుపుకున్నాను. చల్లారిపోయింది. మళ్ళీ తీసి వాడన్న మాట ఒక్కటే చదివాను. మళ్ళీ చదివాను.

వెళ్ళగొట్టేవాణ్ణే తల్లీ. నా ఈస్ట్‌ని ముసలిదంటాడా? వెళ్ళగొట్టి, అరగంటకి టోపీ పెట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళేవాణ్ణి.

నా దగ్గరున్న వాడి మాటలన్నీ అరిగిపోయాయి. ఏడేళ్ళుగా అవే తిప్పి తిప్పి అనుకుంటున్నాను. ఇది మాత్రం నేనెప్పుడూ విననిది. ఏడేళ్ళలో వాడు నాతో అన్న కొత్త మాట ఇదొక్కటే. చదువుతుంటే ఆ గొంతు కూడా వినపడింది. "నాన్నకి మాత్రం" అన్నచోట కొంచెం సాగదీసి అని ఉంటాడు, కదూ?

ఇంకా ఏమన్నాడు? ఆ సాయంత్రం మొత్తం రాయి. మూతలు ఎవరు బిగించారు, నేలమీద ఎంత ఒలకబోశాడు, మధ్యలో ఏం తిన్నారు. ఏ చొక్కా వేసుకున్నాడు. నా గురించి ఇంకేమైనా అన్నాడా, తిట్టాడా? తిడితే తిట్టిందే రాయి. ఆ సాయంత్రం అయిపోతే ఇంకో సాయంత్రం రాయి. మీ ఇంట్లో మీరిద్దరూ ఉన్న మూడేళ్ళలో నేను లేనప్పుడు వాడు అన్నవన్నీ నాకు కావాలి. పనికిరానివని ఏవీ వదిలేయకు. అన్నం తిను, నిద్ర రాకపోతే లేచి కూర్చుని రాయి.

ఆ పొట్లాన్ని ఏడేళ్ళు మర్చిపోయావు. మిగిలినవి కూడా మర్చిపోకముందే రాయి.

నాన్న